యూద విద్యార్థులు - వారి హిల్లెల్ గృహములు

పాత నిబంధన చదువు మన బాలబాలికలకు యూదులనగానే అబ్రాహామును, మోషేయును, దావీదును జ్ఞప్తికి వత్తురు. ఆ జనము గ్రంథములో నిలిచిన పూర్వకాలపు జనమనియు, గ్రంథముతోనే వారి కథ ముగిసెననియు తలంచువారు పెక్కురు కలరు. అది సరికాదు. ఆ జనము నేటికిని జీవించుచున్నది. ప్రపంచమందంతటను గల యూదులను లెక్కింపగా కోటిన్నరకు మించి యున్నారు. వారికిని పాఠశాలలు గలవు, పరీక్షలు గలవు, చదువుకొఱకు ఇల్లు విడిచి దూరపట్టణములకు పోవు కుమారులును కుమార్తెలును గలరు. అట్లు పోయిన పిల్లలను ఆ సమాజమువారు ఏ విధమున ఆదుకొనుచున్నారో, ఆ యేర్పాటు ఎట్లు పుట్టెనో తెలుపుటకే ఈ వ్యాసము. పిల్లలను వసతిగృహములలో నుంచి చదివించు తలిదండ్రులకు ఇందు తమకు తెలిసిన కష్టములే కొన్ని కానవచ్చును.

మొట్టమొదట ఒక సంగతి గ్రహింపవలెను. యూదమతము ఒంటరిగా పూర్తిగ ఆచరించుటకు వీలుపడనిది. మనుష్యుడు తన గదిలో నొక్కడే కూర్చుండి దేవుని ప్రార్థింపవచ్చును. దానికి అడ్డు లేదు. కాని ధర్మశాస్త్రపు చుట్టను విప్పి సమాజములో చదువుటకును, కొన్ని ముఖ్యమైన ప్రార్థనలు పలుకుటకును పదుగురు పెద్దలు కూడి యుండవలెను. ఈ పదుగురి కూటమికి మిన్యాన్ అని పేరు. పదుమూడేండ్లు నిండిన బాలుడు ఇందు పెద్దగా లెక్కింపబడును. సనాతనులు పురుషులను మాత్రమే లెక్కింతురు. తక్కిన శాఖలలో ననేకులు స్త్రీలనుగూడ లెక్కించుచున్నారు. తొమ్మండుగురు పండితులు వచ్చి కూర్చున్నను, పదియవవాడు రానిచో ఆ ప్రార్థనలు జరుగవు. ఆ పదియవవాడు ఏమియు నెఱుగని సామాన్యుడైనను చాలును.

తండ్రియో తల్లియో మరణించినచో కుమారుడు పదునొకండు నెలలు కద్దీష్ అను ప్రార్థన చెప్పుట వారి యాచారము. ఆ ప్రార్థనలో మరణమును గూర్చిన మాట యొక్కటియు లేదు; అది కేవలము దేవుని నామమును ఘనపరచు స్తుతి. దుఃఖములో నున్నవాని నోట స్తుతి పలికించుట ఎంత లోతైన యేర్పాటో చదువరులే ఆలోచింతురు గాక. అయితే దానినిగూడ ఒంటరిగా చెప్పరాదు. పదుగురు విని ఆమేన్ అనవలెను. ఇప్పుడు తండ్రిని పోగొట్టుకొని, ఇంటినుండి వందల మైళ్ల దూరమున, యూదులు లేని యూరిలో చదువుకొనుచున్న ఒక యువకుని తలంచుకొనుడు. వానికి కావలసినది ఓదార్పు మాటలు మాత్రమే కాదు. తొమ్మండుగురు మనుష్యులు కావలెను.

భోజన విషయమును ఇట్టిదే. పందిమాంసము నిషిద్ధమని మనవారందఱు ఎఱుగుదురు. అంతేకాక మాంసమును పాలను కలిపి వండరాదు, ఒక భోజనములో రెండును తినరాదు. నిష్ఠగలవారు మాంసమునకు వేఱు పాత్రలు, పాలపదార్థములకు వేఱు పాత్రలు వాడుదురు. పస్కా పండుగ దినములలో పులిసిన పిండి యింట నుండనే కూడదు. ఇట్టి నియమములను వసతిగృహపు సామాన్య వంటశాలలో ఒక్క విద్యార్థి ఎట్లు నిలుపుకొనగలడు? మన దేశములో శాకాహారులైన పిల్లలు పరాయి వంటశాలలలో పడు తిప్పలు చూచినవారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. విశ్రాంతిదినము శుక్రవారము సూర్యాస్తమయమున మొదలై శనివారము చీకటిపడువఱకు నుండును. ఆ వేళ నిష్ఠగలవాడు కలము పట్టి వ్రాయడు. పరీక్ష శనివారమున పెట్టినచో వాడేమి చేయవలెను? నూతన సంవత్సర దినమును, ప్రాయశ్చిత్తార్థ దినమును సెప్టెంబరు అక్టోబరు నెలలలో వచ్చును. అమెరికాలో కళాశాలలు తెఱచి కొత్త విద్యార్థి ఎవరి ముఖమును సరిగా నెఱుగని కాలమది.

వీనికి తోడు మఱియొక లోపము గలదు. నా యభిప్రాయమున ఇదియే అన్నిటికంటె పెద్దది. యూదబాలుడు పదుమూడవ యేట సమాజమందిరములో ధర్మశాస్త్రము చదివి పెద్దలలో నొకడుగా చేర్చుకొనబడును. అమెరికాలో ననేక కుటుంబములలో మతవిద్య ఆ దినముతోనే ఆగిపోవుచుండెను. ఆ పిల్లవాడు పదునెనిమిదవ యేట కళాశాలలో చేరి రసాయనశాస్త్రమును, చరిత్రను, తత్త్వశాస్త్రమును పెద్దవాని బుద్ధితో నేర్చును. తన మతమును గూర్చి మాత్రము పండ్రెండేండ్ల పిల్లవాని తెలివితోనే తృప్తినొందవలసివచ్చును. పెద్దవాని ప్రశ్నలకు పిల్లవాని జవాబులు చాలవు గదా! వాడు మతమును వాదములో ఓడిపోయి విడుచుటలేదు. చిన్ననాటి చొక్కాయ పొట్టియైనట్లు అది వానికి పొట్టియై జాఱిపోవుచున్నది.

ఈ లోపములను పెద్దలు గుర్తించుటకు కొంతకాలము పట్టెను. 1844వ సంవత్సరమున లండను నగరమున క్రైస్తవ యువజన సంఘము స్థాపింపబడిన పదియేండ్లకు, 1854లో, అమెరికాలోని బాల్టిమోరు పట్టణమున యూద యువజన సంఘ మొకటి వెలసెను. న్యూయార్కులో 1874లో స్థాపింపబడిన అట్టి సంఘము నేటికిని ఆ నగరపు 92వ వీధిలో ప్రసిద్ధమై యున్నది. పుస్తకశాల, ఉపన్యాసములు, వ్యాయామశాల, వలస వచ్చినవారికి ఇంగ్లీషు తరగతులు మొదలైనవి ఇట్టి సంఘములు నడపెను. కాని ఇవి నగరములలో పనిచేసికొను యువకులకొఱకు ఏర్పడినవి. కళాశాల విద్యార్థులకొఱకు 1906లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మెనోరా సంఘము పుట్టెను. యూదుల చరిత్రను వాఙ్మయమును పాండిత్యముతో పరిశీలించుటయే దాని యుద్దేశము. అది మంచి పనియే గాని, అందు బుద్ధికి ఆహారము దొరకెను. ఆకలిగొన్నవానికి బల్లయు, దుఃఖించువానికి పదుగురును దొరకలేదు.

ఆ కాలమున అమెరికా కళాశాలలలో యూద విద్యార్థులకు స్వాగత మెట్లుండెనో కూడ చెప్పవలెను. విద్యార్థుల సోదరసంఘములు చాలవఱకు వారిని చేర్చుకొనకుండెను. 1922లో హార్వర్డు అధ్యక్షుడైన లోవెల్ యూద విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధింపవలెనని ప్రతిపాదించెను. అప్పటికి అచ్చట చేరువారిలో వారు ఐదింట నొకవంతుకు మించి యుండిరి. ఆచార్యుల సంఘము ఆ ప్రతిపాదనను బహిరంగముగ తిరస్కరించినను, పిమ్మట శీలపరీక్ష యనియు, దేశపు నలుమూలలనుండి విద్యార్థులను చేర్చుకొనుట యనియు వేఱు పేళ్లతో ఆ పనియే జరిగెను. ఇతర విద్యాలయములును అదే త్రోవ త్రొక్కెను. కావున ఆ యువకులలో కొందఱు తాము యూదులమని చెప్పుకొనుటకే జంకి పేళ్లు మార్చుకొనుచుండిరి. ఇంటిలో నేర్చినది మఱచిపోవుటయు, బయట దానిని దాచుకొనవలసివచ్చుటయు కలిసిన చోట ఏ బాలుని మనస్సు నిలుకడగా నుండగలదు?

ఇట్టి స్థితిలో మార్గము చూపినవాడు యూదుడు కాడు. ఇల్లినాయి విశ్వవిద్యాలయమున బైబిలు వాఙ్మయమును బోధించుచుండిన ఎడ్వర్డు చాన్సీ బాల్డ్విన్ అను క్రైస్తవ ఆచార్యుడు తన తరగతిలోని యూద విద్యార్థులను చూచి ఆశ్చర్యపడెను. కీర్తనలును ప్రవక్తల గ్రంథములును ఎవరి పితరుల సొత్తో, వారే వానిని గూర్చి ఏమియు నెఱుగకుండిరి. ఆయన ఈ సంగతిని షికాగోలోని లూయీ మాన్ అను రబ్బీకి తెలిపి, ఈ పిల్లలకొఱకు మీరేదైన చేయవలెనని కోరెను. ఈ ఘట్టమును నేను విశేషముగ గమనింపుమని చదువరులను వేడుచున్నాను. ఆ పిల్లలకు తన మతమును బోధించుటకు అది మంచి సమయమని ఆచార్యుడు తలంపవచ్చును. ఏమియు తెలియనివానిని త్రిప్పుట సులభము. ఆయన అట్లు చేయక వారి గురువునే పిలిపించెను. తన పితరుల యింటిని ఎఱుగనివాడు ఏ యింటను గౌరవముగల అతిథిగా నుండజాలడని ఆయన తలంచెనేమో!

ఆ విశ్వవిద్యాలయము చెంతనే మెథడిస్టు సంఘమువారు 1913లో వెస్లీ ఫౌండేషను అను విద్యార్థిగృహమును స్థాపించి యుండిరి. కాథలిక్కులకును న్యూమన్ పేరిట సంఘములు వేఱువేఱు కళాశాలలలో నుండెను. కావున మాదిరి కన్నులయెదుటనే కలదు. కావలసినది మనుష్యుడు. బెంజమిన్ ఫ్రాంకెల్ అను యువకుడు సిన్సినాటిలోని హెబ్రీ వేదపాఠశాలలో చదువుచు, ఇల్లినాయి విశ్వవిద్యాలయముగల షాంపేను పట్టణపు చిన్న సమాజమునకు అప్పుడప్పుడు వచ్చి పరిచర్య చేయుచుండెను. 1923లో రబ్బీగా అభిషేకము పొందిన పిమ్మట ఆయన ఆ విద్యార్థులకొఱకే నిలిచిపోయెను. ఊరిలోని ఐసాక్ కూన్ అను వర్తకుడు ఆయనకు అండగా నుండెను. ఒక క్షౌరశాలపై నున్న గదిని అద్దెకు పుచ్చుకొని ఆయన పని మొదలిడెనని చెప్పుదురు. ఆ పనికి హిల్లెల్ ఫౌండేషను అని పేరిడిరి.

హిల్లెల్ ఎవరు? యేసుప్రభువు జన్మమునకు కొంచెము పూర్వమునుండియు యెరూషలేములో బోధించిన మహాపండితుడు, బబులోనునుండి వచ్చినవాడు, మిక్కిలి పేదవాడు. ఆయనను గూర్చి తల్మూదులో నొక కథ కలదు. ఆయన దినమంతయు కూలిచేసి సంపాదించిన దానిలో సగము ఇంటివారికి, సగము పాఠశాల ద్వారపాలకునికి ఇచ్చుచుండెనట. ఒక శుక్రవారము పని దొరకలేదు. ద్వారపాలకుడు లోపలికి పోనీయలేదు. హిల్లెల్ మిద్దె యెక్కి, పైకప్పులోని వెలుతురు కంతపై పరుండి, లోపల షెమయా, అబ్తల్యోను అను గురువులు చెప్పుచున్న పాఠమును వినసాగెను. అది చలికాలము. మంచు కురిసి ఆయనను కప్పివేసెను. తెల్లవాఱినను గది చీకటిగా నుండుట చూచి గురువులు తలయెత్తగా, కంతపై మనుష్యుని రూపము కనబడెను. వారు పైకెక్కి మంచు త్రవ్వి ఆయనను దింపి, స్నానము చేయించి, అగ్గి రగిలించి ఎదుట కూర్చుండబెట్టిరి. ఆ దినము విశ్రాంతిదినము. అగ్గి రాజబెట్టుట నిషిద్ధము. అయినను ఇట్టివానికొఱకు ఆ దినమును మీఱవచ్చునని వారు తీర్పు చెప్పిరట. తలుపు బయట చలిలోనున్న విద్యార్థిని లోపలికి తెచ్చుటకై ఏర్పడిన గృహమునకు ఇంతకంటె తగిన పేరు దొరకునా?

పని విస్తరింపవలెనన్న ధనము కావలెను. 1843లో న్యూయార్కులో పండ్రెండుగురు వలసదారులు స్థాపించిన బ్నయ్ బ్రిత్, అనగా నిబంధన పుత్రులు, అను ధర్మసంఘము కొలదికాలములోనే ఈ భారమును వహించెను. 1924లో విస్కాన్సిను విశ్వవిద్యాలయమునను, అటుతరువాత ఓహాయో, మిషిగను విశ్వవిద్యాలయములయందును అట్టి గృహములు తెఱవబడెను. ఫ్రాంకెల్ ఈ పనిలో తన్ను తాను దాచుకొనలేదు. 1927లో ఆయన మరణించునప్పటికి వయస్సు ముప్పదియేండ్లు మాత్రమే.

ఇదే కాలమున, ఉన్నత పాఠశాల వయస్సుగల బాలురకొఱకు నెబ్రాస్కా రాష్ట్రములోని ఒమాహా పట్టణమున మఱియొక సంఘము పుట్టెను. కళాశాలల సోదరసంఘములు గ్రీకు అక్షరములతో పేళ్లు పెట్టుకొని యూదులను వెలివేయుచుండగా, ఈ బాలురు తమ సంఘమునకు హెబ్రీ అక్షరములతో ఆలెఫ్ సాదిక్ ఆలెఫ్ అని పేరిడుకొనిరి. 1924లో అది ఇతర పట్టణములకు వ్యాపించెను. కొన్ని యేండ్లకు బాలికలకును అట్టి సంఘ మేర్పడెను. బాలురే తమ అధ్యక్షులను, కార్యదర్శులను ఎన్నుకొందురు. పెద్దవాడొకడు సలహాదారుగా మాత్రమే యుండును. పదుమూడవ యేటను కళాశాలకును నడుమ ఆగిపోవు విద్యను ఈ సంఘము కొంతవఱకు నిలిపి యుంచుచున్నది.

ఇక హిల్లెల్ గృహములో జరుగు పని యేమో చూతము. వారమంతటికి ముఖ్యమైనది శుక్రవారపు సాయంకాలము. సూర్యాస్తమయమునకు ముందు దీపములు వెలిగింతురు. పిమ్మట ప్రార్థన జరుగును. ఇచ్చట చిక్కొకటి కలదు. యూదులలో సనాతనులు, మధ్యమార్గులు, సంస్కరణవాదులు అను శాఖలు గలవు. సనాతనులు స్త్రీపురుషులను వేఱుగ కూర్చుండబెట్టి హెబ్రీలోనే ప్రార్థింతురు. సంస్కరణవాదులు కలసి కూర్చుండి ఇంగ్లీషుగూడ వాడుదురు, వాద్యములును వాడుదురు. వీరందఱిని ఒకే ప్రార్థనకు తెచ్చుట అసాధ్యము. అందుచే పెద్ద గృహములలో ఒకే వేళ రెండు మూడు గదులలో రెండు మూడు విధముల ప్రార్థనలు జరుగును. అవి ముగియగానే అందఱును ఒకే భోజనశాలలోనికి వచ్చి, ద్రాక్షారసముపైని రొట్టెపైని ఆశీర్వచనము పలికి, ఒకే బల్లయొద్ద తిందురు. వంట మాత్రము సనాతనులు సైతము తినదగినట్లు కఠిన నియమముతో చేయుదురు. నియమము లేనివాడు నియమముగలవాని వంట తినగలడు. రెండవవాడు మొదటివాని వంట తినలేడు. ప్రార్థనలో విడిపోయి భోజనములో కలసికొను ఈ పద్ధతి నాకు మిక్కిలి వివేకముగ కనబడుచున్నది. సంఘభేదములు మనకును క్రొత్త కావు.

తక్కిన దినములలో హెబ్రీ తరగతులు, ధర్మశాస్త్ర పాఠములు జరుగును. ఇద్దఱిద్దఱు జతగా కూర్చుండి గ్రంథమును చదివి, వాదించుకొని, ఒకని తప్పు నొకడు దిద్దుకొనుచు నేర్చుట వారి పూర్వపద్ధతి. మౌనముగా చదువుట వారికి చదువుగా తోచదు. పస్కా రాత్రి ఇంటికి పోలేనివారికి బల్ల సిద్ధపఱతురు. పండుగనాడు పరీక్ష పడినచో గృహాధికారి ఆచార్యులతో మాటలాడి వేఱు దినము కోరును. దరిద్రుల భోజనశాలలలో వడ్డించుట మొదలైన సేవలకు విద్యార్థులను పంపుదురు. మతమునందు ఆసక్తి లేనివారు సంగీతమునకో, చర్చకో, ఊరక కూర్చుండుటకో వత్తురు. వారిని ఎవరును ప్రశ్నింపరు. ఇచ్చట మతముకంటె విందులును వినోదములును ఎక్కువైనవని నిందించు పెద్దలు మొదటినుండియు కలరు. ఆ నింద పూర్తిగ అబద్ధము కాదు. కాని విందుకొఱకు వచ్చినవాడే ఒకనాడు తొమ్మండుగురి నడుమ పదియవవాడుగా నిలుచును. ఆనాడు అచ్చట కద్దీష్ చెప్పవలసిన వానికి ఇతడు ఎందులకు వచ్చెనో విచారింప పనిలేదు.

ఫ్రాంకెల్ అనంతరము ఇల్లినాయి గృహమును నడపినవాడు ఆబ్రాం సాకర్ అను చరిత్రోపాధ్యాయుడు. కేంబ్రిడ్జిలో పట్టము పొందినవాడు. 1933 మొదలు 1947 వఱకు ఆయన హిల్లెల్ గృహములన్నిటికిని అధికారిగా నుండెను. ఆ కాలమున వారికి ఎవరును తలపెట్టని భారము వచ్చిపడెను. 1933 ఏప్రిలులో జర్మనీ ప్రభుత్వము పాఠశాలలలోను విశ్వవిద్యాలయములలోను క్రొత్తగా చేరు యూదులు నూటికి ఒకటిన్నర వంతుకు మించరాదని చట్టము చేసెను. 1938 నవంబరులో యూదబాలురను జర్మను పాఠశాలలనుండి పూర్తిగ వెళ్లగొట్టిరి. అటుపిమ్మట జరిగిన సంహారములో అరువదిలక్షల యూదులు నశించిరి. అమెరికాలోని హిల్లెల్ గృహములు యూరోపునుండి తప్పించుకొన్న విద్యార్థులలో కొందఱికి కళాశాలలో చోటును, బసయు, భోజనమును సంపాదించి రప్పించుకొనెను. ఆపదలో నున్నవారి సంఖ్యయెదుట రప్పింపగలిగినవారి సంఖ్య మిక్కిలి స్వల్పము. వారిలో నొకనిని చెప్పెదను. 1928లో బుడాపెస్టులో పుట్టిన టామ్ లాంటోస్ నిర్బంధ కూలి శిబిరమునుండి పాఱిపోయి, స్వీడను రాయబారియైన రాల్ వాలెన్‌బర్గు ఏర్పఱచిన రక్షణగృహమున దాగి బ్రదికెను. 1947లో హిల్లెల్‌వారి విద్యార్థివేతనముతో అమెరికా చేరి, వాషింగ్టను విశ్వవిద్యాలయమున చదివెను. 1981 మొదలు 2008లో మరణించువఱకు ఆయన అమెరికా ప్రతినిధి సభలో సభ్యుడు. యూదసంహారమును తప్పించుకొని ఆ సభకు ఎన్నికైనవాడు ఆయన యొక్కడే.

సాకర్ 1948లో మసాచుసెట్సులోని వాల్థాము పట్టణమున స్థాపింపబడిన బ్రాండైస్ విశ్వవిద్యాలయమునకు మొదటి అధ్యక్షు డాయెను. యూదుల ధనముతో వెలసిన ఆ విద్యాలయము ఏ మతమువారికిని పరిమితి లేకుండ తలుపు తెఱచెను. ఒక్క యూదమందిరమునే కట్టక, 1955లో యూదులకు, కాథలిక్కులకు, ప్రొటెస్టంటులకు మూడు చిన్న మందిరములను ఒక కొలనుచుట్టు కట్టించిరి. ఒక మందిరపు నీడ మఱియొకదానిపై పడకుండ వానిని అమర్చిరని చెప్పుదురు. 1922 నాటి హార్వర్డును జ్ఞప్తియందుంచుకొన్నవారికి ఆ కట్టడపు అర్థము వెంటనే తెలియును.

తరువాతి చరిత్రను సంక్షేపముగ చెప్పెదను. 1969లో బోస్టను నగరమున యూద ధర్మసంఘముల మహాసభ జరుగుచుండగా విద్యార్థులు గుంపుగా వచ్చి, యూదవిద్యకు మీరిచ్చు ధనము చాలదని పెద్దలను నిలదీసిరి. ఆ యేడే హబాద్ అను భక్తిసంప్రదాయమువారు లాసేంజిలీసు విశ్వవిద్యాలయము చెంత తమ మొదటి విద్యార్థిగృహమును తెఱచిరి. వారి పద్ధతి వేఱు. వారు పంపునది ఉద్యోగిని కాదు, ఒక కుటుంబమును. రబ్బీయు, ఆయన భార్యయు, పిల్లలును కళాశాల ప్రక్కనే కాపురముండి, శుక్రవారము రాత్రి తమ యింటి బల్లకే విద్యార్థులను పిలుతురు. ఇల్లు విడిచి వచ్చినవానికి పిల్లల అల్లరిగల ఇల్లు చూచుటయే సగము ఓదార్పు. ఇప్పుడు ఈ రెండు విధముల గృహములును వందలకొలది కళాశాలలయందు గలవు. కొన్ని తావుల ఎదురెదురుగానే యుండి పోటీపడుచున్నవి. అందువలన విద్యార్థులకు నష్ట మేమియు కనబడదు.

నేటి పెద్ద చిక్కు మఱియొకటి. అందఱిని చేర్చుకొను గృహమున ఎవరి మాటకు చోటుండవలెను? ఇజ్రాయేలు రాజ్యమును గూర్చి యూదయువజనులందఱు ఒకే యభిప్రాయము గలవారు కారు. ఆ రాజ్యముయొక్క ఉనికిని నిరాకరించు సంఘములతో కలసి సభలు జరుపరాదని హిల్లెల్ కేంద్రసంఘము నియమము చేసినది. 2013 డిసెంబరులో స్వార్త్‌మోర్ కళాశాల విద్యార్థులు ఆ నియమమును తాము పాటింపమని ప్రకటించి, 2015లో హిల్లెల్ పేరునే వదలుకొనిరి. 2023 అక్టోబరు 7న హమాసువారు చేసిన దాడి, ఆ వెంట గాజాలో జరిగిన యుద్ధము, వీని పిమ్మట ఈ వివాదము మఱింత తీవ్రమైనది. యూదులైనందుననే అవమానము పొందిన విద్యార్థులు గలరు. యుద్ధమును ఖండించు సభలలో పాల్గొని, తమ మిత్రులకే దూరమైన యూదవిద్యార్థులును గలరు. ఇరువురును శుక్రవారము రాత్రి ఒకే బల్లయొద్ద కూర్చుండగలరా యనునది ప్రతి గృహాధికారిని వేధించు ప్రశ్న. నియమము లేని యిల్లు నిలువదనువారి మాటలోను నిజము కలదు. కాని వేఱభిప్రాయము గల పిల్లవానిని తలుపు బయట నిలిపినచో, ఆ గృహము హిల్లెల్ అను పేరు ఎందులకు ధరించెనో పెద్దలు ఒకసారి ఆలోచింపవలసియుండును.

మన దేశమునందును ఇట్టి పని కొంత జరిగినది. కొంకణతీరమున తరతరములుగ నివసించి మరాఠీ మాటలాడు బెనె ఇజ్రాయేలు అను యూదులకు హెబ్రీ భాష చాలవఱకు మఱపునకు వచ్చియుండగా, జాన్ విల్సన్ అను స్కాట్లండు మిషనరీ 1832లో మరాఠీభాషలో హెబ్రీ వ్యాకరణమును ప్రకటించెను. ఆయన ఉద్దేశము మతబోధయే. అయినను వారిలో బహుకొలదిమందియే మతము మారిరి; తక్కినవారు ఆ విద్యను తమ మతమునే బలపఱచుకొనుటకు వినియోగించుకొనిరి. 1875లో వారు బొంబాయిలో తమ పిల్లలకొఱకు ఇజ్రాయేలీయుల పాఠశాలను స్థాపించుకొనిరి. అది పిమ్మట సర్ ఎల్లీ కదూరీ దానముతో ఆయన పేరు వహించినది. 1948 తరువాత ఆ సమాజములో అధికులు ఇజ్రాయేలు దేశమునకు వలసపోయిరి. పాఠశాల మాత్రము నిలిచియున్నది. ఇప్పుడు అందు చదువు పిల్లలలో ఎక్కువమంది మహమ్మదీయులు.

తెలుగుదేశమున గుంటూరు ప్రాంతమున చేబ్రోలు చెంతగల కొత్తరెడ్డిపాలెములో తాము ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొను కొలదిపాటి కుటుంబములు గలవు. పూర్వము క్రైస్తవసంఘములలో నుండి, గత శతాబ్దపు చివరి భాగమున యూదమతాచారములను చేపట్టినవారు. వారికి చిన్న సమాజమందిరము కలదు. విశ్రాంతిదినమున అందు హెబ్రీ ప్రార్థనలు వినవచ్చును. ఇంటి మాట తెలుగే. ఊరిలో నున్నంతకాలము ఆ పిల్లలకు పదుగురు దొరకుదురు. చదువుకొఱకు విజయవాడకో హైదరాబాదునకో పోయినచో, అచ్చట తక్కిన తొమ్మండుగురిని వారు వెదకికొనవలసినదే.